బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతంలో ఇంకా ఏం వినాలో చెప్తారా?

నార్త్ కరోలినాకి వచ్చి మూడేళ్లయింది. పోయిన నెల పక్కింటి పెద్దాయన వరండాలో బాంజో అనే తీగల వాయిద్యం వాయిస్తుంటే, బియ్యం కడుగుతున్నదాన్ని కుళాయి కట్టేసి అలా నిలబడిపోయాను. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, మూడే వేళ్లు. వాటికి తొడుగులు. రేకుల మీద చినుకులు పడ్డట్టు ఏ స్వరానికా స్వరం విడిగా వినపడింది. అది ఎర్ల్ స్క్రగ్స్ బాణీ అట. 1945లో ఆయన బిల్ మన్రో బృందంలో చేరాకే బ్లూగ్రాస్‌కి ఇప్పటి రూపం వచ్చిందని చెప్పారు.

అప్పట్నుంచీ వాళ్లిద్దరివీ, డాక్ వాట్సన్ గిటారూ వింటూనే ఉన్నాను. పసితనంలోనే చూపు పోయిన వాట్సన్, ఫిడిల్ మీద వాయించే వేగపు వరసల్ని గిటారు మీద పలికించాడు. కానీ వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల బతుకుల్ని పాడిన హేజెల్ డికెన్స్ గొంతు వింటే ఏడుపు ఆగదు నాకు.

అలాంటివే ఇంకా కావాలి. ఆడవాళ్లు పాడినవి, వాయిద్యాల హోరు లేకుండా మాట తెలిసేవి. కొత్తవాళ్లైనా సరే. మీకు ఎందుకు నచ్చాయో కూడా ఒక్క ముక్క రాయండి.

అన్నట్టు, వర్జీనియాలోని గేలాక్స్‌లో 1935 నుంచి జరుగుతున్న ఫిడ్లర్ల పోటీలకి ఎవరైనా వెళ్లారా? ఎనిమిదేళ్ల పిల్లని తీసుకెళ్లొచ్చా?