టీనేజ్ దాటిన ఎలకల్లో స్ట్రెస్ హార్మోన్ త్వరగా దిగడం టెస్టోస్టిరాన్ వల్లేనా, లేక వయసు వల్లా?

హార్మోన్_పిచ్చోడు:
పెద్ద మగ ఎలకని అరగంట సేపు ట్యూబులో కదలకుండా బిగించి పెడితే కార్టికోస్టిరాన్ సర్రున పెరుగుతుంది, బయటికి తీశాక కాసేపట్లో మామూలుకొచ్చేస్తుంది. మనుషుల్లో కార్టిసాల్ చేసే పని ఎలకల్లో ఇది చేస్తుంది లెండి. అదే 28 రోజుల పిల్ల ఎలకైతే ఎక్కడం బాగానే ఎక్కుతుంది కానీ ఓ పట్టాన దిగదు, పెద్దదాని కన్నా ముప్పావుగంట నుంచి గంట ఎక్కువ తీసుకుంటుంది. ఈ రెండు వయసుల మధ్య జరిగేది ప్యూబర్టీ, అంటే యుక్తవయసుకి రావడం, అందులో పెరిగేది మగ హార్మోన్ టెస్టోస్టిరాన్. పెద్ద మగ ఎలకకి వృషణాలు తీసేస్తే స్ట్రెస్ రెస్పాన్స్ పెరుగుతుంది, టెస్టోస్టిరాన్ ఇస్తే మళ్ళీ తగ్గుతుంది, ఇదేం కొత్త సంగతి కాదు. కాబట్టి బ్రేక్ వేసేది టెస్టోస్టిరానే అంటాను. కాదనేవాళ్ళు రండి.

బెంచి_మీద_బుడ్డోడు:
కాదంటా. నువ్వు చెప్పిన రెండు ముక్కలూ కరెక్టే బాసూ, మధ్యలో “కాబట్టి” అన్నావే అక్కడే గొడవంతా. 2004లో రోమియో, మెక్యూవెన్ అనే పరిశోధకులు సరిగ్గా ఇదే చేసి చూశారు. పిల్లవాటికీ పెద్దవాటికీ వృషణాలు తీసేసి, కొన్నిటికి టెస్టోస్టిరాన్ ఇచ్చి కొన్నిటికి ఇవ్వకుండా, అన్నిటికీ స్ట్రెస్ పెట్టారు. ఇచ్చినా ఇవ్వకపోయినా పిల్లవాటిలో ఏసీటీహెచ్ (కార్టికోస్టిరాన్ వదలమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్), కార్టికోస్టిరాన్ రెండూ లేటుగానే దిగాయి. ఆడ ఎలకల్లోనూ అదే కథ, అండాశయాలున్నా తీసేసినా పిల్లవి పిల్లవిలాగే ఉన్నాయి. అంటే హార్మోన్ చాలక కాదు, ఆ వయసు మెదడు ఇంకా దాని మాట వినట్లేదు. తాళంచెవి చేతికిచ్చావ్ సరే, తలుపుకి తాళమే బిగించలేదు మరి.

హార్మోన్_పిచ్చోడు:
28 రోజుల ప్రాణికి ఎన్నాళ్ళు ఇచ్చుంటారు చెప్పు? మగ ఎలకలో ప్యూబర్టీ బయటికి కనపడేదే 40 రోజులు దాటాక, అదీ వారాల తరబడి నడిచే వ్యవహారం. కొద్దిరోజులు ఇచ్చి మారలేదు కదా అని టెస్టోస్టిరాన్ పాత్రే లేదంటే ఎలా. ఆ తాళాన్ని బిగించేది కూడా అదే అయ్యుండొచ్చుగా, నెమ్మదిగా. పైగా లోపల పెట్టిన క్యాప్సూల్ నుంచి రాత్రీ పగలూ ఒకే లెవెల్లో కారుతుంది, ఒంట్లో సహజంగా అలా రాదు.

రిసెప్టర్_రాణి:
ఇద్దరూ టెస్టోస్టిరాన్ ఒక్కటే వస్తువన్నట్టు కొట్టుకుంటున్నారు. మెదడులోని హైపోథాలమస్‌లో స్ట్రెస్ సిగ్నల్ మొదలెట్టే సీఆర్‌హెచ్ కణాల్లో ఆండ్రోజెన్ రిసెప్టర్లు, అంటే టెస్టోస్టిరాన్ లాంటి మగ హార్మోన్లు అతుక్కునే చోట్లు, దాదాపు లేవండి, దాని ప్రభావం చాలావరకు చుట్టుపక్కల భాగాల ద్వారా నడుస్తుంది. ఇంకోటి, టెస్టోస్టిరాన్ డీహెచ్‌టీ అనే ఇంకో మగ హార్మోన్‌గా మారి, అది ఇంకో పదార్థంగా మారి ఈస్ట్రోజెన్ బీటా రిసెప్టర్‌కి అతుక్కుంటుంది, అక్కడ స్ట్రెస్ రెస్పాన్స్ తగ్గుతుంది. అదే టెస్టోస్టిరాన్ ఎస్ట్రాడయాల్ అనే ఈస్ట్రోజెన్‌గా మారి ఈస్ట్రోజెన్ ఆల్ఫా రిసెప్టర్ మీదికి పోతే ఉల్టా, పెరుగుతుంది. కాబట్టి ఏ వయసులో ఏ ఎంజైమ్ ఎంత ఉందో, ఏ రిసెప్టర్ ఎక్కడుందో చూడకుండా టెస్టోస్టిరాన్ ఇచ్చాం ఏం కాలేదు అంటే దాంతో ఏం తేలుతుంది?

అలాగే ఆడవాటి గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. పెద్ద ఆడ ఎలకల్లో కార్టికోస్టిరాన్ మగవాటి కన్నా ఎక్కువ, వాటి సంతానచక్రంలో ఎస్ట్రాడయాల్ పెరిగే ప్రోఎస్ట్రస్ రోజున ఇంకా ఎక్కువ. కానీ కార్టికోస్టిరాన్‌ని రక్తంలో పట్టుకునుండే ప్రొటీన్ కూడా వాటిలో ఎక్కువే, అందుకని మొత్తం లెక్కలో కనపడినంత తేడా ఫ్రీగా తిరిగే హార్మోన్‌లో ఉండదు. మొత్తం మాత్రమే కొలిచి ఆడవాటికి స్ట్రెస్ ఎక్కువ అని రాసేస్తారు, నాకైతే ఒళ్ళు మండుతుంది.

కొత్తగా_వచ్చా:
అక్కా, అంటే టీనేజ్ పిల్లల్లో కూడా ఇంతేనా?

రిసెప్టర్_రాణి:
ఎలకల దగ్గరే ఇంకా తేలలేదమ్మా, ఆగు.

బెంచి_మీద_బుడ్డోడు:
రాణి గారు చెప్పింది నా వైపే వస్తుంది కదా, ఎంజైములూ రిసెప్టర్లూ వయసుతో మారేవేగా. అసలు 28 రోజుల పిల్లదానికి రక్తం తీయడమంటే ఎంత తంటానో చేసినోడికే తెలుసు. తోక చివర చిన్న గాటు పెట్టి, కేజ్ ముట్టుకున్న మూడు నిమిషాల్లోపు మొదటి చుక్కలు పట్టేయాలి, లేటైతే మన చెయ్యి పెట్టిన స్ట్రెస్సే లెక్కలోకొస్తుంది. పొద్దున లెవెల్ తక్కువ, చీకటి పడేసరికి ఎక్కువ, కాబట్టి పొద్దున తీసినవి సాయంత్రం తీసినవి పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్ళకో దండం.

హార్మోన్_పిచ్చోడు:
నీ 28 రోజుల ఎలక తల్లిపాలు మానేసి వారమే అవుతుంది, మామూలుగా 21వ రోజున వేరు చేస్తారు కాబట్టి. ఆ తేడా వయసుదా, తల్లిని వదిలొచ్చినందుకా? దీన్ని తేల్చాలంటే ప్యూబర్టీకి ముందు వృషణాలు తీసేసిన గుంపొకటి, తర్వాత తీసిన గుంపొకటి పెట్టి, రెంటినీ పెద్దయ్యేదాకా పెంచి, అప్పుడు ఇద్దరికీ ఒకే డోసు టెస్టోస్టిరాన్ ఇచ్చి ట్యూబులో పెట్టాలి. ముందు తీసినవి కూడా టకటకా దిగితే వయసే గెలిచింది, ఒప్పుకుంటా. దిగకపోతే?

బెంచి_మీద_బుడ్డోడు:
దిగకపోయినా నీ టెస్టోస్టిరానే అని గ్యారంటీ లేదు, వృషణాలతో పాటు పోయేది అదొక్కటేనా? రెండు గుంపులు చాలవు. ప్యూబర్టీ అంతా టెస్టోస్టిరాన్ అందించి తర్వాత ఆపేసిన మూడో గుంపు కూడా పెట్టు, అప్పుడు మాట్లాడదాం.