టేకు పలకల మధ్య ఎపాక్సీ అతుకు నిలవడం లేదు

ఉయ్యాలబల్ల: రెండు టేకు పలకలను అంచులు కలిపి ఎపాక్సీతో (రెసిన్, గట్టిపరిచే హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపి వాడే జిగురు) అతికించి, రాత్రంతా క్లాంపులు బలం కొద్దీ బిగించి ఉంచాను. నెల తిరగకముందే అతుకు విడిపోయింది. ఒక అంచున జిగురు పొర నున్నగా మెరుస్తోంది, రెండో అంచు బోసిగా ఉంది. లోపం ఎక్కడ జరిగి ఉంటుంది?

చిత్రిక: జిగురుతో పాటు చెక్క పీచు లేచి రాలేదంటే అది చెక్కను పట్టనే లేదన్నమాట. టేకులో సహజంగా నూనె ఉంటుంది. చిత్రిక పట్టి రోజులు గడిచేకొద్దీ ఆ నూనె పైకి చేరుతుంది. అందువల్ల నేను అతికించే రోజునే 80 నంబరు గరుకు కాగితంతో అంచులను రుద్ది, అసిటోన్‌లో తడిపిన తెల్లగుడ్డతో, గుడ్డకు పసుపు మరక అంటడం తగ్గేదాకా తుడిచి, ఆరగానే జిగురు పూస్తాను. ఇక బిగింపు సంగతి. తెల్ల జిగురుకు గట్టి బిగింపు అవసరమే గాని, ఎపాక్సీని అలా నొక్కితే అది బయటికి కారిపోయి అతుకులో ఏమీ మిగలదు. సందు పొడవునా సన్నని పూసలు కనబడగానే మర తిప్పడం ఆపాలి.

పడవపని: ఎలా కొలిచి కలిపారో మీరు చెప్పలేదు. అరల్డైట్ స్టాండర్డ్ రకం ఎపాక్సీ అయితే పరిమాణంలో సమపాళ్లుగా కలపాలి, తూకంలో మాత్రం 100 పాళ్ల రెసిన్‌కు 80 పాళ్ల హార్డెనర్. హార్డెనర్ ఎక్కువైతే త్వరగా గట్టిపడుతుందని మా దగ్గర చాలామంది నమ్ముతారు; నిజానికి అది అతుకును బలహీనపరుస్తుంది. అడ్డకోత ముఖాలు (పీచుకు అడ్డంగా కోసిన చివరలు) జిగురును పీల్చేస్తాయి కనుక, వాటికి ముందుగా పలుచని పూత వేసి, కాసేపాగి, మెత్తని రంపపు పొట్టు కలిపిన చిక్కటి జిగురు పెట్టండి. అసలు పలకల జోలికి పోయేముందు తునకలు అతికించి విరిచి చూడండి.

ఉయ్యాలబల్ల: అదే టేకు తునకలతో మూడు జతలు చేసి, వారం ఆగి, ఒక్కొక్కటి వైస్‌లో పట్టించి సుత్తితో కొట్టాను. తుడవనిది రెండో దెబ్బకే జిగురు గీత వెంట శుభ్రంగా ఊడింది. తుడిచి, అతిగా బిగించినది సగం జిగురులో, సగం చెక్కలో విరిగింది. తుడిచి, తేలికగా బిగించిన జతలో మాత్రం అతుకు చెక్కుచెదరలేదు, దాని పక్కన చెక్కే చీలింది.

చిత్రిక: ఆ మూడో జత పద్ధతిలోనే చేయండి. అయితే బల్ల ఎండలో ఉండేదైతే, ఎండ ఎపాక్సీని పాడుచేస్తుంది కనుక వార్నిష్ తప్పదు. వార్నిష్ వేసినా, గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ మండుటెండలో కాగిన ముదురు రంగు చెక్కపై మెత్తబడగలదు.