డిప్లొమా అయ్యాక ఈసెటా, ఉద్యోగమా?

రణస్థలం నాన్న:
మా గుంటడు పాలిటెక్నిక్‌లో మెకానికల్. చివరి సెమిస్టర్ ట్రైనింగ్ పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేశాడు. అక్కడే ఉండిపొమ్మంటున్నారు. వాడేమో ఈసెట్ (డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్‌కి వెళ్తానంటున్నాడు. వెనక చెల్లి ఇంటర్‌లో ఉంది. ఏం చెయ్యమంటారు?

షిఫ్ట్ డ్యూటీ:
చదివించండి బాబాయ్. నేను డిప్లొమాతో చేరి తొమ్మిదేళ్లయింది. మెషీన్ ఆగితే నన్నే పిలుస్తారు. కానీ నా దగ్గర పని నేర్చుకున్న బీటెక్ కుర్రాడు ఇప్పుడు నా పైన ఇంజినీర్. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు కలిపి ఆరేళ్లు. డిప్లొమా మూడు, ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడు. అవీ ఆరేళ్లే. మీవాడికి ఒక్క ఏడాది కూడా పోలేదు. నేనూ తర్వాత చదువుదామనుకున్నాను, జీతం వచ్చాక ఇల్లు వదలనివ్వలేదు. దూరవిద్యలో చేద్దామంటే ఇంజినీరింగ్‌కి అది చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పేసింది.

బొబ్బిలి సివిల్:
నేను ఒప్పుకోను. ఈసెట్ రాసి బీటెక్ చేసినవాడినే నేను. పూర్తయి రెండేళ్లు, ఇంకా కోచింగ్‌లోనే ఉన్నాను. రైల్వే జేఈకి, అంటే జూనియర్ ఇంజినీర్ ఉద్యోగానికి, డిప్లొమా చాలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ జేఈలో చాలా పోస్టులకూ అంతే. ఇప్పుడు నేను రాస్తున్నవి అవే! చేతికొచ్చిన పని వదలొద్దు అన్నయ్యా. ఆడపిల్ల చదువు కూడా చూడాలి కదా.

పాలిటెక్నిక్ మాస్టారు:
అసలు కష్టం ఎవరూ చెప్పలేదు. లెక్కలు. ఈసెట్ 200 మార్కుల్లో సొంత బ్రాంచికి 100, లెక్కలకు 50, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 25. బ్రాంచి మార్కులతో ర్యాంకు తెచ్చుకుని, రెండో ఏడాది మ్యాథ్స్‌లో తప్పిన పిల్లలు నా దగ్గరకొచ్చి ఏడ్చారు. మొదటి ఏడాది లెక్కలు వచ్చేసినట్టే అక్కడ పాఠం మొదలుపెడతారు మరి. వర్క్‌షాప్‌లో మాత్రం మనవాళ్లకు ఎదురులేదు. లెక్కలంటే భయం లేకపోతే ఈ ఏడే పంపండి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది, మరీ దూరమేం కాదు. భయముంటే కంపెనీలో ఏడాది అప్రెంటిస్ (పని నేర్చుకునే శిక్షణ) చేయనిచ్చి, సాయంత్రాలు లెక్కలు చదివించి, వచ్చే ఏడాది రాయించండి. ఒక్క జాగ్రత్త: అప్రెంటిస్ అయ్యాక కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు.

రణస్థలం నాన్న:
మాస్టారూ, వాడు మొదటి ఏడాది మ్యాథ్స్ ఒకసారి తప్పి మళ్లీ రాశాడు. ఇంకోటి, కంపెనీ వాళ్లు ఉద్యోగమంటున్నారో అప్రెంటిస్ అంటున్నారో నేను సరిగ్గా అడగలేదు. సోమవారం వాడిని వెంటబెట్టుకుని వెళ్లి కాగితం చూపించమంటాను.