ఓటేసే ఎంపీయే విలేఖరైతే ఆ రాతల్ని నమ్మొచ్చా? (ఐర్లండ్ హోంరూల్, 1893)

కొల్లేటికొంగ: టి.పి. ఓకానర్ బ్రిటిష్ పార్లమెంటులో ఐరిష్ జాతీయవాద ఎంపీ, వృత్తిరీత్యా జర్నలిస్టు. ఐర్లండ్‌కి సొంత శాసనసభ ఇచ్చే బిల్లు కోసం సభలో పోట్లాడటం, మళ్లీ ఆ సభ గురించే పత్రికకి రాయడం. ఈ రాతలు చరిత్రకి పనికొస్తాయంటారా?

సీమరాయి: నన్నడిగితే పనికిరావు. జూలై 27 రాత్రి సంగతే చూడండి. పది గంటలకి చర్చ ముగించాలని ముందే గడువు పెట్టారు. ఆఖరి నిమిషాల్లో బిల్లుని వ్యతిరేకించే ఛాంబర్లేన్ లేచి, ప్రధాని గ్లాడ్‌స్టన్ ఏమన్నా తలూపే ఆయన పార్టీ లిబరళ్లని బైబిల్లోని హేరోదు రాజు భజనపరులతో పోల్చాడు. “జూడాస్!” (ఏసుని పట్టిచ్చిన ద్రోహి పేరు) అని అరిచిందెవరు? మన విలేఖరిగారే. (1886లో ఇదే విషయం మీద ఛాంబర్లేన్ గ్లాడ్‌స్టన్‌ని వదిలిపోయాడు, ఆ కోపం.) కాసేపటికి లోగన్ అనే లిబరల్ ఎంపీ వెళ్లి ప్రతిపక్షం ముందు బెంచీలో కూర్చున్నాడు. ప్రతిపక్ష ఎంపీ హేస్ ఫిషర్ అతని కాలర్ పట్టుకున్నాడు. ఇక కొట్లాటే. నిప్పు పెట్టినవాడే మంటల వార్త రాస్తే ఎలా అండీ?

అచ్చుతప్పు: అయితే ఎవర్ని నమ్ముదాం? సభ తన చర్చల్ని తనే మాటకు మాట రాయించుకోవడం 1909లో మొదలైంది. అంతకుముందు హాన్సార్డ్ (పార్లమెంటు చర్చల సంపుటాలు) చాలావరకు పేపర్ల రిపోర్టుల్లోంచి కూర్చిందే. పేపర్లు తటస్థమా? 1887లో ‘టైమ్స్’ ఐరిష్ జాతీయవాద నాయకుడు పార్నెల్ పేరుతో దొంగ ఉత్తరం అచ్చేసింది! ఓకానర్ ఏ పక్షమో కనీసం అందరికీ తెలుసు.

సీమరాయి: టైమ్స్ తప్పు చేస్తే ఓకానర్ ఒప్పయిపోతాడా? నాకు ఓట్ల లెక్క చాలు. సెప్టెంబర్ 1న బిల్లు దిగువసభ కామన్స్‌లో 301-267తో నెగ్గింది, 8న ఎగువసభ లార్డ్స్ 419-41తో కొట్టేసింది.

అచ్చుతప్పు: అదీ కావాలి, కాదనను. ఐరిష్ ఓట్లు తీసేస్తే ఆ 34 ఓట్ల ఆధిక్యం మిగలదు, లార్డ్స్‌కి ధైర్యం అక్కడే వచ్చింది. కానీ 83 ఏళ్ల గ్లాడ్‌స్టన్ ఒక్కో క్లాజుకీ లేచి జవాబు చెబుతుంటే ఎదుటి బెంచీల్లో ముఖాలు ఎలా ఉన్నాయో లెక్కల్లో దొరకదు సార్. అది సభలో కూర్చున్నవాడే చెప్పాలి.

కొల్లేటికొంగ: ఇదే సభ గురించి ‘పంచ్’ అనే హాస్యపత్రికకి రాసిన హెన్రీ లూసీ ఉన్నాడు కదా, ఎంపీ కాదు. జూలై 27కి ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చదువుతాను. అన్నట్టు, అప్పుడు మన దాదాభాయి నౌరోజీ కూడా లిబరల్ ఎంపీనే. ఆ రాత్రి ఆయన సభలో ఉన్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.