సీహెచ్‌ఆర్: లైన్ 2 జీబీపీఎస్‌కు పెంచినా 1 దగ్గరే ఆగిపోతోంది

కేబుల్‌గది:
అప్‌స్ట్రీమ్ వాళ్లు (మాకు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు) లైన్‌ను 1 జీబీపీఎస్ నుంచి 2కి పెంచారు. హ్యాండాఫ్ (వాళ్ల లైన్ మాకు అందే చోటు) 10జీ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టు మీదే. వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే ప్రాక్స్‌మాక్స్ 8లో మైక్రోటిక్ వాళ్ల వర్చువల్ రౌటర్ సీహెచ్‌ఆర్ నడుస్తోంది: రౌటర్‌ఓఎస్ 7, 4 కోర్లు, 4 జీబీ ర్యామ్, పీ1 లైసెన్స్. ఈథర్1 అప్‌స్ట్రీమ్‌కు, ఈథర్2 ఓఎల్‌టీ (కస్టమర్ల ఫైబర్లు కలిసే పరికరం) వైపు. పీపీపీఓఈ సెషన్లు (కస్టమర్ల లాగిన్లు) 400 దాకా ఉంటాయి. రాత్రి 9 దాటితే ఈథర్2 టీఎక్స్ (బయటికి పంపే వేగం) 1000 మెగాబిట్ల లోపే అతుక్కుపోతోంది, సీపీయూ మాత్రం 35 శాతం దాటట్లేదు. ఇంకో వర్చువల్ కార్డు పెట్టి బాండింగ్ (రెండు కార్డులను ఒకటిగా కలపడం) చేస్తే సరిపోతుందా? సెషన్లు తెగకుండా చేసే దారి ఉందా?

రౌటింగ్‌టేబుల్:
మొదట లైసెన్స్ చూడండి అన్నా. పీ1 అంటే ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు 1 జీబీపీఎస్, అదీ బయటికి పంపే వైపు లెక్క. కస్టమర్ డౌన్‌లోడ్ మీ రౌటర్‌కు ఈథర్2 టీఎక్స్ కదా, అందుకే ఆగేది అక్కడ. సీపీయూ ఖాళీగా ఉండి టీఎక్స్ గీత సమంగా సాగుతోందంటే అనుమానం ముందు దీని మీదే.

పీ10 కొంటే ఇంటర్‌ఫేస్‌కు 10 జీబీపీఎస్. పాత పీ1 మీ మైక్రోటిక్ ఖాతాలో మిగులుతుంది, వేరే వీఎంకు వాడుకోవచ్చు. సిస్టమ్, లైసెన్స్‌లో రెన్యూ నొక్కే ముందు సీహెచ్‌ఆర్ నుంచే డీఎన్‌ఎస్, ఇంటర్నెట్ పనిచేస్తున్నాయో చూసుకోండి. ఫైర్‌వాల్ అవుట్‌పుట్ చైన్‌లో (రౌటర్ తానే పంపే ట్రాఫిక్ నియమాల్లో) డ్రాప్ రూల్ ఉంటే లైసెన్స్ సర్వర్ అందదు.

ఈలోగా పని జరగాలంటే ఈథర్3 కలిపి, ఓఎల్‌టీలో సగం పాన్ పోర్టుల (కస్టమర్ల ఫైబర్ పోర్టుల) వీల్యాన్‌ను (విడిగా ఉంచిన వర్చువల్ నెట్‌వర్క్‌ను) దాని మీదకు మార్చి, అక్కడ ఇంకో పీపీపీఓఈ సర్వర్ తెరవండి. పరిమితి ఇంటర్‌ఫేస్ లెక్కన కాబట్టి ఇది దొంగదారి కాదు. మార్చిన సగం మంది సెషన్లు మాత్రం ఒకసారి తెగుతాయి.

బ్రిడ్జి_జీరో:
లైసెన్స్‌కు డబ్బు కట్టే ముందు ప్రాక్స్‌మాక్స్ వైపు చూడండి. వీఎం హార్డ్‌వేర్‌లో నెట్‌వర్క్ డివైస్ తెరిస్తే రేట్ లిమిట్ అనే గడి ఉంటుంది. అది సెకనుకు మెగాబైట్లలో, మెగాబిట్లలో కాదు. 1 జీబీపీఎస్ లైన్ రోజుల్లో ఎవరైనా 125 కొట్టి ఉంటే అదీ సరిగ్గా 1000 మెగాబిట్లే. అప్పుడు పీ10 వేసినా అంగుళం కదలదు.

కార్డు మోడల్ ఈ1000 అయితే వర్ట్ఐఓకు (వీఎంల కోసమే చేసిన కార్డు రకం) మార్చండి. ఈ1000 పూర్తి ఎమ్యులేషన్ (అసలు కార్డును సాఫ్ట్‌వేర్‌తో అనుకరించడం), 1 జీబీపీఎస్ దాటాలనుకునే చోట దానికి పనిలేదు. కార్డు పనిని కోర్లకు పంచే మల్టీక్యూ 4 (కోర్ల సంఖ్యకు సమానం), సీపీయూ టైప్ హోస్ట్. వీటి కోసం వీఎంను పూర్తిగా షట్‌డౌన్ చేసి స్టార్ట్ చేయాలి. రౌటర్‌ఓఎస్ లోపల రీబూట్ కొడితే సీపీయూ టైప్ మారదు, ప్రాక్స్‌మాక్స్‌లో ఆరెంజ్ రంగులో పెండింగ్‌గానే ఉంటుంది. మోడల్ మార్చాక ఈథర్ పేర్లు అటూ ఇటూ అయితే మ్యాక్ (కార్డు చిరునామా) చూసి సరిపోల్చండి. తెల్లవారుజామున పెట్టుకోవాల్సిన పని.

కేబుల్‌గది:
రెండు కార్డులూ వర్ట్ఐఓనే. కానీ రేట్ లిమిట్‌లో నిజంగానే 125 ఉంది, రెండింటికీ! లైసెన్స్ పీ1. ఇంకోటి, వేగానికి హద్దు పెట్టే సింపుల్ క్యూల్లో అందరికీ పేరెంట్‌గా ఒక క్యూ ఉంది, మ్యాక్స్ లిమిట్ 980ఎం/980ఎం.

రౌటింగ్‌టేబుల్:
అయితే మూడు మూతలు (లైసెన్స్, రేట్ లిమిట్, పేరెంట్ క్యూ) ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ఏ ఒక్కటి తీసినా తేడా కనబడదు. పేరెంట్‌ను 1950ఎం చేయండి, వెంటనే అమల్లోకి వస్తుంది. 2000 పెట్టొద్దు, లైన్ కంటే కొంచెం కింద ఉంటేనే క్యూ మీ చేతిలో ఉంటుంది, లేకపోతే అప్‌స్ట్రీమ్ వాళ్ల దగ్గర ప్యాకెట్లు రాలిపోతాయి. కస్టమర్ ప్లాన్లూ పెంచుతుంటే పీపీపీ ప్రొఫైల్ రేట్ లిమిట్‌లో మొదటి అంకె కస్టమర్ అప్‌లోడ్, రెండోది డౌన్‌లోడ్. ఇప్పటికే లాగిన్ అయినవాళ్లకు పాత వేగమే ఉంటుంది, మళ్లీ కనెక్ట్ అయ్యాకే కొత్త క్యూ పుడుతుంది.

బ్రిడ్జి_జీరో:
బాండింగ్ వదిలేయండి. ఒకే బ్రిడ్జికి (హోస్ట్‌లోని వర్చువల్ స్విచ్‌కి) రెండు వర్చువల్ కార్డులు తగిలించి వీఎం లోపల బాండ్ చేస్తే, లైనక్స్ బ్రిడ్జికి ఎల్‌ఏసీపీ (లింకులను కలిపే ప్రోటోకాల్) రాదు కాబట్టి ఒకే మ్యాక్ రెండు పోర్టుల మీద గంతులేస్తుంది. హోస్ట్‌లో రెండు 1జీ పోర్టులే ఉన్నవాళ్లు అక్కడ, స్విచ్‌తో కలిపి, 802.3ఏడీ (ఎల్‌ఏసీపీ బాండింగ్) చేసుకోవాలి. అప్పుడూ ఒక్క డౌన్‌లోడ్ 1 జీబీపీఎస్ దాటదు. మీది 10జీ పోర్టు, ఆ గొడవే లేదు.

పరీక్ష మాత్రం సీహెచ్‌ఆర్‌లోని బ్యాండ్‌విడ్త్ టెస్ట్‌తో చేయకండి, దానికే సీపీయూ అయిపోతుంది. ఓఎల్‌టీ వైపు 10జీ కార్డున్న మెషీన్‌లో, కస్టమర్ క్యూ తగలని ఐపీ మీద, వేగం కొలిచే ఐపెర్ఫ్3ను 8 స్ట్రీములతో రౌటర్ దాటించి నడపండి. అదే సమయంలో టూల్స్‌లోని ప్రొఫైల్ తెరిచి కోర్ల వారీగా చూడండి. సగటు 35 శాతమున్నా ఒక కోర్ 100 మీద ఉంటే ఆ తర్వాతి అడ్డంకి అదే.