వంటలో కాఫీ: దేంతో పొందుతుంది, దేంతో పొందదు?

కృష్ణలంక_వంటిల్లు
మాది విజయవాడ. పండక్కి కాఫీ వాసన వచ్చేలా మూడు చెయ్యాలని: బెల్లం సేమ్యా పాయసం, పల్లీ చెక్కీ, మటన్ వేపుడు. ముందుగా పాయసం చేసి చూస్తే విరిగింది. కొలతలు ఇవీ: లీటరు పాలు, 100 గ్రాముల సేమ్యా, 180 గ్రాముల బెల్లం, అర గ్లాసు చిక్కటి డికాక్షన్. బెల్లం, డికాక్షన్ రెండూ మరుగుతున్న పాలలోనే పోశాను. రెండు నిమిషాల్లో ముక్కలు ముక్కలైంది. రుచి చూస్తే నాలిక వెనక పట్టుకుని వదలని చేదు. పొడి చికోరీ కలిసినదే, 60:40. ఇన్‌స్టంట్ వాడాలా, ఫిల్టర్ పొడే వాడాలా? ఏలకులు వెయ్యొచ్చా? కాఫీకి ఏవి సరిపడతాయో, ఏవి పడవో కొలతలతో చెప్పగలరా?

బ్రాడీపేట_ఫిల్టర్
ముందు విరగడం సంగతి చూద్దామండీ. బెల్లంలో ఎంతో కొంత పులుపు ఉంటుంది, కాఫీలోనూ ఉంటుంది. చల్లటి పాలు ఆ మాత్రం పులుపుని తట్టుకుంటాయి. మరిగే పాలు తట్టుకోవు, ఎంత వేడి మీదుంటే అంత తక్కువ పులుపుకే విరుగుతాయి. మీరు రెండింటినీ ఒకేసారి మరుగులో పోశారు కాబట్టి విరగకపోతేనే ఆశ్చర్యం.

సేమ్యాని నేతిలో ఎర్రగా వేయించి, పాలలో ఉడికించి, పొయ్యి కట్టెయ్యండి. ఈలోగా బెల్లం అర కప్పు నీళ్ళలో కరిగించి, ఒక పొంగు రానిచ్చి, వడగట్టి పక్కన పెట్టండి. పాయసం గిన్నె అంచుని చేత్తో పట్టుకోగలిగేంత వేడికి దిగాక బెల్లం నీళ్ళు కలపండి, ఆ తర్వాతే డికాక్షన్. ఇక పొయ్యి ఎక్కించొద్దు. వేడిగా వడ్డించాలంటే గిన్నెని వేడినీళ్ళ పళ్ళెంలో పెడితే చాలు. బెల్లం మరీ పుల్లగా ఉందని అనుమానముంటే పాలు కాగేటప్పుడే వంటసోడా వెయ్యొచ్చు, లీటరుకి చిటికెడులో సగం. అది దాటితే సబ్బు వాసన మొదలవుతుంది.

ఇక చేదు. దానికి మొదటి ముద్దాయి చికోరీ. అది కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరుని వేయించి పొడి కొట్టినది. పాలు పోసుకుని తాగే కాఫీలో దాని రంగు, చిక్కదనం బావుంటాయి, నేను కాదనను. వంటలో మాత్రం కట్టె కాలిన చేదే మిగులుతుంది. అమ్మే మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన, పాళ్ళు ప్యాకెట్ మీదే వేస్తారు. వంటకి మాత్రం చికోరీ అసలు లేని పొడి తెచ్చుకోండి, మీడియం డార్క్ రోస్ట్ అయితే మంచిది. గింజ నల్లబడే కొద్దీ పులుపు తగ్గి చేదు పెరుగుతుంది, లేత రోస్ట్‌లో దీనికి తిరగేసి. పాలూ బెల్లం ఉన్న వంటకి మధ్యస్థంగా ఉన్నదే క్షేమం. అరకు అరబికా తెచ్చినా ఇదే లెక్క, అరబికాకి పులుపు సహజం.

అర గ్లాసు డికాక్షన్ కూడా ఎక్కువే. ఫిల్టర్‌లో 30 గ్రాముల పొడి వేసి, పైన అద్ది, మరుగు ఆగిన 150 మి.లీ. నీళ్ళు పోస్తే సుమారు 90 మి.లీ. దిగుతుంది, మిగతాది పిప్పి పట్టేసుకుంటుంది. అందులో 60 మి.లీ. లీటరు పాలకి సరిపోతుంది. చిక్కబడాలని దాన్ని పొయ్యి మీద ఇగరబెట్టొద్దు, వాసన ఎగిరిపోయి చేదు ఒక్కటే కూర్చుంటుంది. రెండో డికాక్షన్‌లోనూ వగరే తప్ప ఏమీ ఉండదు. చివర్లో ఒక చిటికెడు ఉప్పు వెయ్యండి, ఉప్పు తగలదు గానీ చేదు అణుగుతుంది.

పొత్తు విషయానికొస్తే, పచ్చి కాఫీ గింజకి మనకి తెలిసిన కాఫీ వాసనే ఉండదు. అదంతా వేయింపులో పుట్టినదే. అందుకే వేయించిన వాటితోనే దానికి బాగా కుదురుతుంది: దోరగా వేగిన నువ్వులు, పల్లీలు, అంచులు ఎర్రబడిన ఎండుకొబ్బరి, నెయ్యి కాచినప్పుడు అడుగున మిగిలే గోధుమరంగు గసి. ఆ గసి ఒక చెంచా పాయసంలో వేసి చూడండి, జీడిపప్పు కూడా గుర్తుకురాదు. ముదురు బెల్లం, తాటిబెల్లం కూడా ఈ వరసలోవే. ఏలకులు బాగా కలుస్తాయి, లీటరుకి మూడు. ఏలకులు వద్దనుకుంటే జాజికాయ రెండు రాపిళ్ళు, లేదా పావు చెంచా సొంఠి. మూడూ కలిపి కొడితే కాఫీ ఎక్కడుందో వెతుక్కోవాలి.

పడనివి: చింతపండు, గోంగూర, మామిడికాయ లాంటి పులుపులన్నీ. పచ్చకర్పూరం, రోజ్ ఎసెన్స్ కాఫీని పూర్తిగా కప్పేస్తాయి. కుంకుమపువ్వు వెయ్యడం డబ్బు దండగ. పులుపు జాతిలో ఒక్క మినహాయింపు కమలాపండు, అదీ రసం కాదు, తొక్క పైపొర మాత్రమే, కింద తెల్లపొర రాకుండా గీరింది. అరటిలో బాగా మగ్గిన చక్కెరకేళి అయితే కాఫీ పక్కన నిలబడుతుంది.

పాకం_పిచ్చి
చెక్కీకి డికాక్షన్ వద్దే వద్దు. ముదురు పాకంలో నీళ్ళు పోస్తే పాకం మళ్ళీ మొదటికొస్తుంది, పైగా చిమ్మి చేతుల మీద పడుతుంది. మొదట్లోనే బెల్లంతో పాటు డికాక్షన్ పోసి పాకం పట్టినా చేదెక్కుతుంది. ఇక్కడ చికోరీ లేని ఇన్‌స్టంటే దారి.

వేయించి పొట్టు తీసి బద్దలు చేసిన పల్లీలు 250 గ్రాములు, బెల్లం 200, నెయ్యి రెండు చెంచాలు, ఇన్‌స్టంట్ పొడి చెంచాన్నర. పొడిని ముందే ఒక చెంచా కరిగిన నేతిలో కలిపి ఉంచుకోండి. ఎండు పొడి నేరుగా చల్లితే ఉండ కడుతుంది, తినేటప్పుడు ఆ ఉండ పంటికింద పడితే మందుబిళ్ళ నమిలినట్టే. పాకం బొట్టు చల్లటి నీళ్ళలో వేసి, తీసి పళ్ళేనికి కొడితే టంగుమనాలి. వంగిందంటే ఇంకా రాలేదు. టంగుమన్న వెంటనే పొయ్యి కట్టేసి కాఫీ నెయ్యి, చిటికెడు సోడా వేసి రెండు తిప్పులు, పల్లీలు పోసి నాలుగు తిప్పులు, నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచెయ్యండి. కాఫీ వేశాక పాకం నల్లగా కనపడుతుంది, మాడిందని కంగారు పడకండి. అందుకే రంగు చూసి పాకం తేల్చకూడదు, చప్పుడే నమ్మాలి. వేడి మీదే గాట్లు పెట్టి, ఆరాక గాలి చొరని డబ్బాలో వెయ్యాలి. మన బెజవాడ ఉక్కకి బయట పెడితే పూట తిరక్కుండా జిగురు పడుతుంది.

వన్‌టౌన్_కారం
మటన్ వేపుడుకి: అర కిలో మాంసం పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లితో కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. ఉడికిన నీళ్ళు పారబొయ్యొద్దు. ధనియాలు రెండు చెంచాలు, మిరియాలు ఒక చెంచా, అంగుళం దాల్చినచెక్క, ఎండుకొబ్బరి తురుము నాలుగు చెంచాలు విడివిడిగా వేయించి పొడి కొట్టండి. మిరియాలు తగ్గించకండి. అరకు వైపు కాఫీ తోటల్లో నీడచెట్లకి మిరియాల తీగలే పాకుతుంటాయి, రుచిలోనూ ఆ రెండిటికీ సఖ్యతే. మెంతులు పూర్తిగా మానెయ్యండి, చేదు మీద చేదు. కరివేపాకు ఒక్క రెబ్బ చాలు.

కారం విషయంలో గుంటూరు వాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు. తేజా మిర్చి కారం ఒక్కటే వేస్తే మంట ముందుకొచ్చి కాఫీ జాడే ఉండదు. సగం తేజా, సగం బ్యాడిగి కలిపి, మామూలుగా వేసే దాంట్లో మూడో వంతు తగ్గించండి.

కాఫీ ఆఖర్నే. ముక్క ఎర్రబడి, నూనె తేలాక, ఇన్‌స్టంట్ ఒక చెంచా తలకొట్టి (సుమారు 2 గ్రాములు) మూడు చెంచాల మటన్ నీళ్ళలో కరిగించి పోసి, రెండు నిమిషాలు తిప్పి దించెయ్యాలి. ఎండు పొడిని వేడి నూనెలో చల్లితే క్షణాల్లో మాడుతుంది. ఫిల్టర్ పొడి కరగదు కాబట్టి ఇసుకలా పళ్ళకి తగులుతుంది. చేదు మిగిలిందనిపిస్తే అర చెంచా బెల్లం తురుము. దించాక నిమ్మకాయ పిండే అలవాటుంటే ఈ ఒక్కసారికి చెయ్యి ఆపుకోండి, పచ్చి ఉల్లిపాయతో తినండి. కాఫీలో నానబెడితే ముక్క మెత్తబడుతుందని కొందరు చెప్తారు, నమ్మొద్దు. ఆ పని పెరుగుదీ, పచ్చి బొప్పాయిదీ.

కృష్ణలంక_వంటిల్లు
అందరికీ థాంక్సండీ. పాయసంలో మామూలు బెల్లం బదులు తాటిబెల్లం వేస్తే అంతే కొలతా? పిల్లలకి పెట్టొచ్చా?

బ్రాడీపేట_ఫిల్టర్
తాటిబెల్లానికి తన వాసనే ఘాటు. 150 గ్రాములకి దించి, డికాక్షన్ 45 మి.లీ. చేసుకోండి, ఏలకులు ఒకటే. అడుగున నలకలు, ఇసుక ఉంటాయి, పలచటి గుడ్డలోంచి వడగట్టండి. పిల్లల మాటకొస్తే, వండినంత మాత్రాన కెఫీన్ పోదు. ఒక చెంచా ఇన్‌స్టంట్‌లోనే సుమారు 60 మిల్లీగ్రాములు ఉంటుంది. డికాక్షన్ కలిపే ముందే వాళ్ళ గిన్నె వేరుగా తీసేసి, నేతి గసి మాత్రం వాళ్ళకి కాస్త ఎక్కువ వెయ్యండి.