బత్తాయి తోటలో రాత్రి తిరిగేవాటి కోసం ట్రైల్ కెమెరా: ఏది కొనాలి, ఎట్లా కట్టాలి?

డిండి ఒడ్డు:
నమస్తే అన్నలూ. డిండి దగ్గర మా బత్తాయి తోట గుట్టకు ఆనుకొని ఉంటుంది. రాత్రిపూట ఏదో వచ్చి డ్రిప్ పైపులు కొరికి పోతోంది. అడవి పందులని నాన్న, ఏదుపంది అని మా బావ. ట్రైల్ కెమెరా, అంటే జంతువు కదలగానే దానంతటదే ఫొటో తీసేది, కట్టి చూద్దామని ఉంది. 8 వేల లోపు మంచి కెమెరా ఏది? ఎంత ఎత్తున కట్టాలి? ఫొటోలు ఫోన్‌కు పంపే సిమ్ ఉన్నది అవసరమా? బ్యాటరీలు ఎన్నాళ్లు వస్తాయి?

పాలమూరు పోరడు:
మెగాపిక్సెల్ చూసి మాత్రం కొనకు తమ్మీ. డబ్బా మీద 48 అని రాసి ఉంటుంది, లోపలున్న సెన్సర్ అంతలో కొంచెమే. మిగతాది సాఫ్ట్‌వేర్ సాగదీసి కలుపుతుంది. కార్డు నిండుతుంది తప్ప కుందేలు మీసం కనబడదు. ట్రిగ్గర్ స్పీడ్ చూడు, అంటే జంతువు ఎదుటికి వచ్చాక ఎంతసేపటికి ఫొటో పడుతుందని. సెకను దాటే కెమెరా కొంటే నీకు మిగిలేవి తోకలే. నా దగ్గర కుందేళ్ల వెనక భాగాలు బోలెడున్నాయి, కావాలంటే పంచుతా.

నల్లమల నేస్తం:
ఆ లెక్కలన్నీ తర్వాత. ముందు నో గ్లో ఉన్నది తీసుకోండి, అంటే రాత్రి ఫొటోకు వాడే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు 940 నానోమీటర్లది, అది బయటికి కనబడదు. 850ది అయితే రాత్రి ఫొటో తీసినప్పుడు ఎర్రగా మిణుకుమంటుంది. జంతువు ఒకసారి బెదిరితే మళ్లీ ఆ దారికి రాదు.

గుర్రంపోడు గురువు:
ఎవరు చెప్పారండీ రాదని? 940 కొంటే వెలుగు దూరం పోదు, ఫొటో గింజలు గింజలుగా వస్తుంది. నేను పులుల గణన చేసే జట్లతో తిరిగినవాణ్ని. అక్కడ చాలాచోట్ల పెట్టేది తెల్ల ఫ్లాష్ కెమెరాలు, అదీ దారికి రెండు పక్కలా ఎదురెదురుగా. ఎందుకంటే పులికి కుడివైపు చారలు, ఎడమవైపు చారలు ఒకటి కావు. 2018 లెక్కింపులో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు పెట్టి గిన్నిస్‌కు ఎక్కారు. కళ్లు జిగేల్‌మనే ఫ్లాష్‌కు లేని బెదురు ఎర్ర చుక్కకు వస్తుందా?

నల్లమల నేస్తం:
గురువుగారూ, అక్కడ అవసరం చారలు స్పష్టంగా పడటం. పులి మర్నాడు అదే దారిన వస్తుందా రాదా అని ఎవరూ తోటమాలిలా కాచుకోరు. నా ఫొటోల్లో చిరుత తిన్నగా లెన్సులోకే చూస్తోంది. గమనించకుండా చూస్తుందా?

గుర్రంపోడు గురువు:
చూసింది సరే, పోయిందా? చూసి తన దారిన తాను నడిచి ఉంటుంది. తర్వాతి ఫొటో పెట్టండి.

నల్లమల నేస్తం:
తర్వాతి ఫొటో లేదు. అదే నేను చెప్పేది.

గుర్రంపోడు గురువు:
లేకపోతే అది మీ కెమెరా రికవరీ టైమ్. ఒక ఫొటో తీసి మళ్లీ సిద్ధమయ్యేలోపు చిరుత గుట్ట దిగిపోతుంది. కెమెరా మందకొడి అయితే జంతువు బెదిరిందని రాసేస్తారా?

నల్లమల నేస్తం:
మాట మర్యాదగా రానీయండి. నా కెమెరా ధర మీకు తెలుసా?

పాలమూరు పోరడు:
మళ్లీ మొదలైంది. పోయిన ఎండాకాలం కూడా మీరిద్దరే.

వనపర్తి టీచరమ్మ:
ఎండాకాలం అన్నారు కాబట్టి చెబుతున్నా, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ కెమెరాలోని పీఐఆర్ సెన్సర్ పసిగట్టేది వేడిలో తేడాను. వెనకున్న నేల, రాళ్ల వేడి కంటే జంతువు ఒంటి వేడి వేరుగా ఉండి, అది కదిలితేనే కెమెరా లేస్తుంది. మన దగ్గర మే మధ్యాహ్నం బండరాయి, పంది ఒకే వేడిమీద ఉంటాయి. పంది పక్కనుంచే పోయినా ఫొటో పడదు. చలికాలంలో అదే కెమెరా అద్భుతంగా పనిచేస్తుంది. జంతువు ఎదురుగా వచ్చేలా కాకుండా అడ్డంగా దాటేలా కట్టండి, సెన్సర్‌కు అదే సులువు. ముఖం ఉత్తరానికి తిప్పితే పొద్దున, సాయంత్రం సూర్యుడు లెన్సులో పడడు. ముందున్న గడ్డి మాత్రం కోయాలి, లేకపోతే గాలికి ఊగే గడ్డి ఫొటోలతోనే కార్డు నిండుతుంది. ఎత్తు మోకాలి వరకు చాలు.

హాలియా హరిత:
టీచర్ గారు చెప్పిందంతా బాగుంది, కానీ మోకాలి ఎత్తున కడితే మనుషులు ఎత్తుకుపోతారు! మాది పెట్టిన వారంలోనే మాయం. ఎర్ర లైటును జంతువు చూస్తుందో లేదో గానీ, రాత్రి నీళ్లు పెట్టడానికి పోయేవాళ్లు బాగా చూస్తారు. ఇనుప పెట్టె, గొలుసు, తాళం లేకుండా పెట్టొద్దు. ఆ ఖర్చు కూడా 8 వేలలో కలుపుకోండి.

నల్లమల నేస్తం:
చూశారా గురువుగారూ? నో గ్లో.

గుర్రంపోడు గురువు:
దొంగల విషయంలో ఒప్పుకుంటా. జంతువుల విషయంలో ఒప్పుకోను. పైగా కెమెరా చేసే సన్నటి చప్పుడు మనకు వినబడకపోయినా వాటికి వినబడుతుంది. వెలుగు ఆపి చప్పుడు ఎట్లా ఆపుతారు?

అచ్చంపేట అన్న:
ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ అనుమతి సంగతి ఎత్తలేదు. పట్టా భూమిలో పెట్టుకుంటే నీ ఇష్టం. గుట్ట మీద రిజర్వ్ ఫారెస్ట్ అయితే అటవీ శాఖను అడగకుండా చెట్టుకు కెమెరా కట్టొద్దు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్‌తో పాటు నల్లగొండ జిల్లాలోకీ వస్తుంది. అభయారణ్యంలో ఫొటోగ్రఫీకి కూడా 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద పర్మిట్ కావాలి. వేటగాడివనుకొని పట్టుకుంటే కెమెరా చూపించి నవ్వితే వదలరు. చిరుత ఫొటో పడితే లొకేషన్‌తో సహా వాట్సాప్‌లో పెట్టేవాళ్లకైతే దండం.

మిర్యాలగూడ మామ:
పందులకు కెమెరా ఏందిరా నాయనా, ముందు పంట కాపాడుకోండి. మా దగ్గర కంచెకు కరెంటు ఇస్తారు.

అచ్చంపేట అన్న:
మామా, అది నేరం. ఆ తీగకు పందితో పాటు చిరుతలూ, మనుషులూ పోయారు. ఇక్కడ ఆ సలహా ఇవ్వకు.

మిర్యాలగూడ మామ:
నేను ఇస్తున్నానని అన్నానా? ఇస్తారని అన్నా.

పాలమూరు పోరడు:
బ్యాటరీల ముచ్చట మిగిలిపోయింది. మామూలు ఆల్కలైన్ వేస్తే పగలంతా బాగుంటుంది, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలిగేసరికి వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగిపోతుంది. లిథియం ఏఏ ధర ఎక్కువే, అయినా అవే నయం. మళ్లీ ఛార్జ్ చేసుకునేవి 1.2 వోల్టులే ఇస్తాయి, కొన్ని కెమెరాలు వాటిని చూసి బ్యాటరీ అయిపోయిందని ముఖం తిప్పుకుంటాయి. ఎన్నాళ్లు వస్తాయంటే, రాత్రి ఎన్ని ఫొటోలు పడితే అంత తొందరగా అయిపోతాయి. వీడియో పెడితే ఇంకా తొందరగా. ఇంకోటి, డబ్బాలోకి చీమలు దూరి గుడ్లు పెడతాయి, రబ్బరు అంచు చూసుకో.

డిండి ఒడ్డు:
సిమ్ గురించి కూడా ఎవరన్నా చెప్పండి ప్లీజ్.

కోస్గి కుర్రాడు:
సారీ బ్రదర్, మధ్యలో వస్తున్నా. మా చేను దగ్గర కెమెరాకు పడిన ఫొటో కింద పెట్టాను. చిరుత పిల్లా, ఇంకేదన్ననా?

వనపర్తి టీచరమ్మ:
మచ్చలు లేవు, కాళ్లు పొడుగు, తోక పొట్టి, తోక చివర నల్ల పట్టీలు, చెవి కొసన కొంచెం వెంట్రుకలు. అడవి పిల్లి బాబూ. ఎలుకల్ని తింటుంది, నీ చేనుకు మంచిదే.

గుర్రంపోడు గురువు:
అడవి పిల్లే. ఈ ఒక్కదాంట్లో అనుమానం లేదు.

కోస్గి కుర్రాడు:
అయ్యో. ఊరి గ్రూపులో చిరుత అని పొద్దున్నే పెట్టేశారు, సాయంత్రం డప్పు కూడా వేయించారు. ఇప్పుడు పిల్లి అని నేనెట్లా చెప్పేది?